రాయి మనది, గుడ్డ యెవరిది?

వస్తువు యొక్క ముఖమును జూచి వెల గట్టుట లోకమునకు అలవాటు. దాని వీపును ద్రిప్పి చూచువారు అరుదు. వడ్రంగి చేతిలోని ఉప్పుకాగితమును జూచినవారు గరుకునే చూతురు గాని, ఆ గరుకును మోయుచున్న కాగితమును జూడరు. కార్ఖానాలో గిరగిర దిరుగుచు ఇనుమును, కొయ్యను నునుపుచేయు గరుకుపట్టీని, అనగా పనివారు ఎమరీ బెల్టని పిలుచుదానిని, చూచినవారును అంతే. నిప్పురవ్వలు రాల్చునది రాతిపొడి. ఆ రాతిపొడిని మోయునది గుడ్డ. రాయి అరిగిపోవువఱకు గుడ్డ నిలువవలెను. గుడ్డ సాగినచో రాయి యెంత పదునైనదైనను పట్టీ చెడినట్లే. బరువు మోయువానిని మఱచి బరువును మాత్రమే కొనియాడు బుద్ధి మన ఆర్థిక చర్చలలో పాదుకొనిపోయినది. ఈ వారము ఆ మఱపును గూర్చియే వ్రాయదలచితిమి.

ఈ మఱపునకు సర్కారు లెక్కలే సాక్ష్యము. ఎగుమతి దిగుమతుల సుంకపు పట్టికలో గరుకుపట్టీ 6805 అను శీర్షిక క్రింద నున్నది. అది రాయి, ప్లాస్టరు, సిమెంటు, అభ్రకము మొదలగువానితో జేసిన వస్తువుల అధ్యాయము. నేతవస్త్రముల విభాగమునందో, గరుకుపొడి పూసిన గుడ్డ ఈ విభాగములోనిది కాదని ప్రత్యేకముగ నొక నిబంధన వ్రాసియుంచినారు. అది వర్తకుల సౌకర్యమునకై చేసిన యేర్పాటు. దానిని మేము తప్పుపట్టము. కాని దాని పర్యవసానమును జూడుడు! మగ్గము మీద గుడ్డగా బుట్టినది కార్ఖానాలో రాయిగా మాఱి లెక్కకెక్కుచున్నది. ఆ లెక్కలో నేతగాని ప్రసక్తియే లేదు. లెక్కలో లేనివాడు ఆలోచనలోను ఉండడు.

కురబలకోటలో నిలిచి చూచినవారికి ఈ సంగతి మఱింత స్పష్టముగ గన్పట్టును. ధర్మవరము నుండి పాకాలకు బోవు రైలుదారిలో నున్న ఈ యూరి పేరులోనే కురుబలున్నారు. గొఱ్ఱెను కాచినవారు, ఉన్నిని వడికినవారు, కంబళిని నేసినవారు ఆ కులమువారు. కంబళి నేయువాడు పడుగునకు చింతగింజల గంజి పట్టించును. గంజి పట్టని పోగు మగ్గము మీద తెగును. గంజి పట్టిన పోగు బిగిని దాళును. ఈ యొక్క వాక్యములోనే మేము నేడు చర్చింపబోవు శాస్త్రమంతయు బీజరూపమున నున్నది. ఇక్కడికి కొలదిమైళ్ల దూరముననే మదనపల్లె పట్టణములో నీరుగట్టువారిపల్లె కలదు. అచటి పట్టుమగ్గముల చప్పుడు వినని యాంధ్రుడు పట్టుచీరను గూర్చి మాటలాడరాదు. ఈ మండలములోని అంగళ్లులోనే 1998లో నెలకొన్న సాంకేతిక విద్యాలయము కలదు. కుప్పములో గ్రానైటు రాయి కలదు. తిరుపతిలో సిలికాన్ కార్బైడును సిద్ధముచేయుటకు గ్రైండ్‌వెల్ నార్టన్ వారు కార్ఖానాను నెలకొల్పినారు. నగరి, పుత్తూరులలో మరమగ్గములున్నవి. రాయి, రాతిపొడి, మగ్గము, విద్యాలయము - ఇవి యన్నియు పూర్వపు చిత్తూరు జిల్లా యెల్లలలోనివే. ఒక్క పగటి ప్రయాణములో అన్నింటిని జూచి రావచ్చును. అయినను వీనిని ఒకదానితో నొకటి ముడివేయవలెనను తలంపు మాత్రము ఏ సభలోను వినరాలేదు. పడుగున్నది, పేకయున్నది, నాడె మాత్రము కదలుట లేదు!

కొందఱు నవ్వుదురు కాబోలు: ఇంత గంభీరముగ చర్చించుటకు ఇది యేపాటి విషయమని. వారికి చరిత్రను జ్ఞాపకము చేయవలసియున్నది. పాశ్చాత్యులు కొరండమని పిలుచు కఠినశిల పేరు మన దక్షిణదేశపుది. మన కురువిందమే వారి నోట అట్లు మాఱినది. అనంతపురము, సేలము ప్రాంతముల కురువిందమును పొడిచేసి, లక్కతో గలిపి, చక్రముగా పోసి, రత్నములను, కత్తులను సానబట్టిన పనివారు మన దేశీయులు. పొడి, జిగురు, ఆధారము అను మూడింటి కలయికయే సానయని వారెఱుగుదురు. 1891లో అమెరికాలో ఆచిసన్ విద్యుత్కొలిమిలో సిలికాన్ కార్బైడును కనుగొన్నాడు. దానితో కురువిందపు గనులకున్న ప్రాముఖ్యము క్రమముగ తగ్గినది. 1941లో బొంబాయి చెంత మోరాలో గ్రైండ్‌వెల్, 1954లో మద్రాసులో కార్బోరండం యూనివర్సల్ వెలసినవి. కనుక మన దేశమున ఈ పరిశ్రమ లేదని మేమనము. ఉన్నది, పెరిగినది. మా ప్రశ్న వేఱు. సానను కనిపెట్టిన సీమలోని నేతగానికి ఈ పరిశ్రమలో చోటెక్కడ?

ఇక విషయములోనికి దిగుదము. గరుకుపట్టీ అనగా నేమి? బలమైన నేతగుడ్డకు మొదట గంజి, జిగురు పట్టించి దాని కన్నములను పూడ్తురు. దానిపై మొదటి జిగురుపూత పూసి, ఆ తడిమీద రాతిపొడిని నిలువుగ నాటుదురు. దానిపై రెండవ పూత పూసి, పొయ్యిగదులలో గంటల తరబడి వ్రేలాడదీసి కాల్తురు. పిమ్మట కావలసిన కొలతకు కోసి, కొనలను గలిపి అతికి, పట్టీగా చేయుదురు. ఆ పట్టీని రెండు చక్రములకు దగిలించి బిగింతురు. లోహపు పనిలో అది సెకనుకు ఇరువది మొదలు ముప్పది మీటర్ల వేగమున పరువిడుట సామాన్యము. ఆ వేగమున, ఆ బిగిలో, ఆ వేడిలో, కొన్ని పనులలో నీటితడిలో గూడ, గుడ్డ తన పొడవును వెడల్పును మార్చుకొనక నిలువవలయును. కొలత తప్పని గుణమే ఈ ఆధారవస్త్రమునకు ప్రాణము.

కొలత తప్పినచో నేమగును? రెండు మీటర్ల పట్టీ నూటికి రెండుపాళ్లు సాగినచో నాలుగు సెంటీమీటర్లు పెరుగును. యంత్రములో పట్టీని బిగించు మరకు జరుగుటకు కొంతచోటే యుండును. ఆ చోటు దాటినంతనే పట్టీ వదులగును, జారును, చక్రము మీద రాచుకొని వేడెక్కును. ఒక అంచు ఇంకొక అంచుకన్న కొంచెమెక్కువ సాగినను చాలును, పట్టీ ప్రక్కకు దొలగి యంత్రపు చట్రమును గోయును. ఆ వేగమున తెగిన పట్టీ కొరడావలె విసరును. దాని యెదుట నిలిచియుండునది యంత్రపు యజమాని కాదు. దినకూలికి నిలిచిన పనివాడు. వాని కన్ను, వాని వ్రేళ్లు ఆ గుడ్డ మీద నాధారపడియున్నవి. ఇందుచేతనే ఈ విషయము మాకు చిన్నదిగ దోచలేదు.

మదనపల్లె చెంత నొక చిన్న కొయ్యసామానుల కార్ఖానాలో మేము కన్నది చెప్పెదము. కార్తీకమాసపు ముసురు. గోడమేకునకు దగిలించిన క్రొత్తపట్టీ యొకటి తాటాకువలె ముడుచుకొనియున్నది. అది యేమని పనివాని నడిగితిమి. "వానలకు వంకర తిరిగింది సామీ. మిషను మీద ఎక్కదు. ఎక్కినా నిలవదు. ఇంగ చిన్న చిన్న ముక్కలు కోసి చేత్తో రుద్దుకోవాల్సిందే" అని యతడు చెప్పెను. డబ్బిచ్చి కొన్న పట్టీ ఒక్కనాడైన దిరుగక ముక్కలైనది. ఆ నష్టము ఏ లెక్కలోను జేరదు. అతడు తిట్టినది వానను, మేమాలోచించినది గుడ్డను.

గుడ్డ యెందుకు సాగును? నేత నెఱిగినవారికి ఈ సమాధానము సులభము. పడుగుపోగు గుడ్డలో తిన్నగ నుండదు. అది పేకపోగు మీదుగ నొకసారి, క్రిందుగ నొకసారి పాము ప్రాకినట్లు పోవుచుండును. గుడ్డను లాగినప్పుడు మొట్టమొదట సాగునది నూలు కాదు, ఈ వంపు. వంపు విప్పుకొని పోగు తిన్ననైన తరువాతనే నూలుయొక్క అసలు బలము పనిచేయును. కనుక సాగని గుడ్డ కావలెనన్న పడుగులో వంపు తక్కువగ నుండవలెను. అందులకై సాదానేతను విడిచి, పోగులు తక్కువసారులు అల్లుకొను డ్రిల్లు నేతను, శాటీను నేతను వాడుదురు. బిగిని మోయునది పడుగు గనుక పడుగున బలమైన పోగు, దట్టమైన కూర్పు నుంచుదురు. వెడల్పున నిలుకడ నిచ్చునది పేక గనుక దానిని నిర్లక్ష్యము చేయరాదు. పడుగునే చూచి పేకను మఱచినచో పట్టీ పొడవున నిలిచి వెడల్పున ముడుచుకొనును. సంసారమువంటిదే ఇదియు, ఒక్కరి బలముతో నిలువదు.

రెండవ కారణము తేమ. గాలిలో తేమ నూటికి అఱువదియైదు పాళ్లున్నప్పుడు పత్తి తన బరువులో నూటికి ఎనిమిది పాళ్లకు పైగా నీటిని పీల్చుకొనును. తడిసిన నూలుపోగు లావెక్కును. పేక లావెక్కినంతనే దానిని చుట్టివచ్చు పడుగు ఎక్కువ దూరము నడువవలసివచ్చును. అందుచేత గుడ్డ పొడవు తగ్గును. తడిసిన కంబళి కుఱుచ యగుటను గొఱ్ఱెలకాపరి ఎఱుగును. అందులో ఉన్నియొక్క ప్రత్యేకగుణమును గలదు గాని, తడికి గుడ్డ కదలునన్న మూలసత్యమొక్కటే. పాలియెస్టరు అదే గాలిలో అరపాలైనను పీల్చదు. కాని దానికి వేఱొక దోషము గలదు: వేడి తగిలినచో ముడుచుకొనును. అందుచే దానిని ముందుగనే బిగించి పట్టి, నూటయెనుబది డిగ్రీలకు పైబడిన వేడిలో నిలిపి, ఆ కొలతకు అలవాటు చేయుదురు. పత్తిగుడ్డనైతే తడిపి, పడుగుదిశకు లాగి, ఆ బిగిలోనే ఆఱబెట్టి, సాగవలసిన సాగును ముందుగనే సాగదీయుదురు. సాగుటకు శక్తి మిగులనీయకుండుటయే ఈ రెండింటి యుపాయము.

మూడవది పూత. గుడ్డ వీపున సుద్దపొడి గలిపిన జిగురును దట్టించి కన్నములు పూడ్చుటచేత పోగులు కదలక నిలుచును. కాని పూత యెక్కువైనచో పట్టీ బెండువలె బిఱుసై చిన్నచక్రము మీద విఱుగును. తక్కువైనచో మెత్తనై సాగును. ముందువైపు జిగురు, వెనుకవైపు గుడ్డ తేమను సమముగ పీల్చవు, సమముగ విడువవు. ఆ వ్యత్యాసమే మేము మదనపల్లెలో జూచిన వంకర. అందుకనియే ఈ పట్టీలను గాలితేమ నూటికి నలువది మొదలు అఱువదియైదు పాళ్ల నడుమనుండు గదులలో నిలువచేయుమని తయారీదారులు చెప్పుదురు. మే నెలలో ఎండి పగుళ్లువాఱి, అక్టోబరు నవంబరులలో తడిసి ముద్దయగు మన రేకుల కొట్టములకు ఈ సలహా యెంతవఱకు పనికివచ్చును? పట్టీకి తగిన గది కట్టుకొనలేని చిన్న పనివానికి, గదికి లోబడని పట్టీ కావలెను. మన గాలికి, మన వేడికి, మన కొట్టములకు తగిన గుడ్డను మనము గాక మఱియెవ్వరు ఆలోచింతురు?

జర్మనీలోని శాక్సనీ మండలమున మావర్స్‌బెర్గర్ అను నాతడు 1949లో ఒక క్రొత్తదారిని దీసెను. పడుగును పేకను అల్లుట మాని, ఒకదానిపై నొకటి తిన్నగ పఱచి, మూడవపోగుతో కుట్టివేసిన గుడ్డ అది. అల్లిక లేదు గనుక వంపు లేదు. వంపు లేదు గనుక సాగు తక్కువ. ఇట్టి కుట్టుగుడ్డలు తరువాత గరుకుపట్టీలకును ఆధారములైనవి. ఇందు మనము నేర్చుకొనవలసినది ఆ యంత్రమును కొనితెచ్చుట కాదు. వేల యేండ్ల నుండి లోకమంతయు ఒప్పుకొన్న అల్లికను గూడ ప్రశ్నింపవచ్చునను ధైర్యము. మగ్గము ప్రక్కన నిలిచి యోచించిన బుద్ధి యది.

ఇప్పుడు మన ప్రభువుల విధానమును జూతము. 2020 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము సాంకేతిక వస్త్రములకై జాతీయ ఉద్యమమొకటి ఆమోదించి, 1,480 కోట్ల రూపాయలను కేటాయించెను. సాంకేతిక వస్త్రములను పండ్రెండు తరగతులుగ విభజించినారు; వానిలో పారిశ్రామిక వస్త్రముల తరగతియందు గరుకుపట్టీల వస్త్రమును జేరినది. మంచిదే. ఆ సంవత్సరమే జూలైలో, 1992 నుండి యున్న అఖిలభారత చేనేతమండలిని రద్దుచేసిరి. ఒకే శాఖ, ఒకే సంవత్సరము, ఒక చేత క్రొత్తవస్త్రమునకు పందిరి, రెండవ చేత పాతనేతగాని సలహాపీఠమునకు స్వస్తి! 2019-20 నాటి చేనేత గణనలో ముప్పదియైదు లక్షలకు పైబడిన చేనేతపనివారు లెక్కకు వచ్చినారు. ఇంతమంది యెఱిగిన విద్యకును, ఆ 1,480 కోట్లకును నడుమ వంతెన యెక్కడ? 1985 చట్టమువలన ఇరువదిరెండు రకముల వస్త్రములు చేనేతకు ప్రత్యేకింపబడినవి. పిమ్మట అవి పదునొకటికి దిగినవి. ఉన్నదానిని గాపాడుటకు కంచె వేసినారు, కంచె లోపలికి జరుగుచు వచ్చినది. క్రొత్తపొలము నొక్క సెంటైనను చూపినవారు లేరు.

మా మీద రాబోవు ఆక్షేపణలను మేమెఱుగుదుము. పట్టుచీర నేయువానిని ఎమరీగుడ్డ నేయుమందురా యని మొదటివారు కోపింతురు. మేమట్లనలేదు. మీటరుకు మించిన వెడల్పున, వేల మీటర్ల పొడవున, ఎచ్చటను పోగు తేడా రాక నేయవలసిన డ్రిల్లుగుడ్డ చేమగ్గపు పని కాదు. అది మరమగ్గపు పని. నీరుగట్టువారిపల్లె మగ్గమున చీరయే నేయబడుగాక! ఆ చీరకు తగిన వెల రావలెనని మేము పోరాడుచునే యుందుము. కాని పడుగుబిగిని వ్రేలితో మీటి తెలిసికొను జ్ఞానము మగ్గముతోనే ముగిసిపోవలయునా? పోగు ఎక్కడ వదులైనదో, అచ్చులో ఎక్కడ తప్పు దొరలినదో కనులు మూసికొని చెప్పగలవానిని పరీక్షకునిగ, ఉపాధ్యాయునిగ నియమింపరాదా? చేనేతవానిని చూచి జాలిపడుట మన నాయకులకు అలవాటైనది. జాలి యొక ఋతువు పండుగ. పని యేడాదికంతటికిని అన్నము.

పాలియెస్టరు మన పొలమున బండలేదు, అది స్వదేశీ యెట్లగునని రెండవవారు. ఈ ఆక్షేపణను మేము గౌరవింతుము. అయినను స్వదేశీయత పోగులో లేదు, ఎఱుకలో నున్నది. మన పత్తిని బేళ్లుగ నమ్మి, గుణమెఱుగని గుడ్డను కొనుట స్వదేశీ కాదు. పత్తికి జిగురును పట్టుకొను గుణమున్నది, మెత్తదనమున్నది. పాలియెస్టరుకు తడిలో నిలుకడయున్నది. రెండును గలిపిన గుడ్డలను లోకము వాడుచున్నది. ఎంత పాలు ఏది యుండవలెనో కొలిచి చెప్పగలవాడు స్వదేశీయుడు. కొలువక నినాదము చేయువాడు కాడు.

ఇది పెద్ద సంస్థల గుట్టు, చిన్నవారికి అందదని మూడవవారు. గుట్టు జిగురుపాళ్లలో నుండవచ్చును, నేతలో లేదు. వంపు, బిగి, తేమ, వేడి - ఇవి ప్రకృతిధర్మములు. ప్రకృతికి కాపీహక్కు లేదు.

నాలుగవ ఆక్షేపణ యున్నది. అది మేమే మా మీద దెచ్చుకొనుచున్నాము. ఈ గుడ్డకు రంగు, జిగురు, పూత పట్టించు పనులలో నీరు కావలెను. ఫినాలు, ఫార్మాల్డిహైడు గలిసిన జిగురుల మురుగు వచ్చును. తిరుపూరులో అద్దకపు కార్ఖానాలు నొయ్యల్ నదిని పాడుచేసిన ఫలితముగ 2011లో మద్రాసు హైకోర్టు వానిని మూయింపవలసివచ్చెను. మన మెట్టసీమలో ఏడాదిపొడవున పాఱు నదియే లేదు. ఉన్నవి చెఱువులు, బోరుబావులు. ఒక్క చెఱువు చెడినచో ఒక యూరు చెడును. కనుక పూతపనిని ఊరూర పెట్టరాదు. మురుగును పూర్తిగ శుద్ధిచేయు ఏర్పాటున్న ఒక్కచోటనే దానిని నిలుపవలెను. ఆ వ్యయమును మొదటిదినముననే లెక్కలో వేయవలెను. లాభము కార్ఖానాకు, విషము చెఱువుకు అను పంపకమును మేము అంగీకరింపము.

ఇన్ని చెప్పి ఏమి చేయవలెనో చెప్పనిచో అది ఉపన్యాసమగును గాని సంపాదకీయము కాదు. మా కోరికలు స్వల్పములు.

మొదటిది, ఈ ప్రాంతమున ఒక బహిరంగ పరీక్షాశాల. గుడ్డ తెగు బలమును మాత్రమే కొలుచుట చాలదు. తెగుటకు చాల ముందుగనే పట్టీ సాగి చెడును. కనుక నిర్ణీతమైన బరువునకు ఎంత సాగినదో, ఆ బరువు క్రింద గంటలకొలది నిలిపినపుడు ఇంకెంత సాగినదో, తడిపినపుడు ఎంత కుదించుకొన్నదో, వేడిచేసినపుడు ఎంత ముడిచికొన్నదో పడుగుకును పేకకును వేఱువేఱుగ కొలువవలెను. మన దేశపు ప్రమాణమైన ఇరువదియేడు డిగ్రీల వేడిలో, అఱువదియైదుపాళ్ల తేమలో నొకసారి. కురబలకోట మే నెల గాలిలో, నవంబరు గాలిలో మఱియొకసారి. ఫలితములను తెలుగున ప్రకటింపవలెను. దీనికి మహాయంత్రములక్కఱలేదు, బిగించు చట్రము, గాలిని అదుపుచేయు గది, ఓపిక గల విద్యార్థులు చాలును. ఆ విద్యార్థులు ఈ మండలముననే వందలకొలది యున్నారు. ఏ విద్యాలయమును నిందించుట మా యుద్దేశము కాదు; పిలుచుటయే మా యుద్దేశము.

రెండవది, నగరి, పుత్తూరు మరమగ్గములవారికి సహకారసంఘము ద్వారా పరీక్షానేతకు ఒప్పందములు. పరీక్షలో నెగ్గిన గుడ్డకు ముందుగ నిర్ణయించిన వెల. ఓడిన గుడ్డకు కారణము వ్రాతమూలకముగ. నీ గుడ్డ పనికిరాదు అను మాట నేతగాని నోరు మూయించును. నీ పేకలో ఇంత వంపు తేడా యున్నది అను మాట వానికి దారి చూపును. ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమే పరిశ్రమ.

మూడవది, వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేర నెలకొన్న చేనేత సాంకేతిక సంస్థవంటి చోట్ల సాంకేతిక వస్త్రశాస్త్రము తెలుగున బోధింపబడవలెను. నేతగానికి పడుగు, పేక, అచ్చు, పురి, గంజి అను మాటలున్నవి. వానితోనే ఈ శాస్త్రమంతయు చెప్పవచ్చునని పై పుటలలో మేము చేతనైనంత చూపితిమి. మాట మనదైనచో విద్య మనదగును.

నాలుగవది, పట్టీల నమ్ము సంస్థలు ప్రతి పట్టీ వీపున దాని గుడ్డజాతిని, అది నిలువగల తేమను, తగిన బిగిని మన భాషలో ముద్రింపవలెను. పనివాడు తన ప్రాణము నప్పగించు వస్తువును గూర్చి తెలిసికొను హక్కు గలవాడు.

మదనపల్లె టమాటా దేశదేశములకు బోవుచున్నది. పంట విరివియైన నాడు రైతు దానిని రోడ్డుమీద పారబోయుచున్నాడు. అదే పండు రసమై సీసాలో తిరిగివచ్చినప్పుడు మన పిల్లలే వెలపెట్టి కొనుచున్నారు. కుప్పము రాయి దిమ్మలై పోవుచున్నది. పట్టుపురుగుల కాయలు సంతలకు బోవుచున్నవి. పచ్చిసరకును బంపి పక్వవస్తువును కొను ఈ వాడుక పరాయిప్రభుత్వముతో ముగియవలసినది. అది ముగియలేదు. కారణము విదేశీయుడు కాడు. వస్తువు వీపును ద్రిప్పిచూడని మన సోమరితనము.

ఎవరో వచ్చి మనకొక పెద్ద కార్ఖానా పెట్టి ఉద్ధరింతురని కాచుకొని కూర్చుండువారికి మేము చెప్పున దొక్కటే. కార్ఖానా తరువాత, కొలబద్ద ముందు. ఒక గుడ్డపేలికను దీసికొని, దానికొక బరువు వ్రేలాడదీసి, ఎంత సాగినదో వ్రాసికొనుటతో ఈ పని ప్రారంభమగును. ఆ పేలికను కురబలకోటలో నేడే వ్రేలాడదీయవచ్చును. బిగిని దాళు పోగును సిద్ధపఱచుట చింతగింజల గంజి కాచిన పెద్దలకు తెలిసియుండెను. వారి మనుమలకు తెలియకపోవుటకు కారణము లేదు.